డ్యాష్‌బోర్డు మీది దేవుడు

"సంచి కింద పెట్టమ్మా."

"పెట్ట."

"ఒకదానికొకటి తాకితే రంగు లేస్తది."

"లేవనీ. ఆ రంగే గదా మన ఇంటి పరువుకు పూసింది."

ఎలీసబెతు బియ్యం సంచి మూతి బిగించి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. సంచిలో ఉన్నవి బియ్యం కావు. కూతురు బ్లెస్సీ నాలుగేళ్లుగా పాత రంగులు గీకి, కొత్త రంగులేసి, చక్రాలు మార్చి, కిటికీ దిమ్మ మీద వరసగా నిలబెట్టుకున్న ముప్పై ఏడు బొమ్మ బండ్లు. అన్నీ అరచేతిలో ఇమిడే లోహపు కార్లే. కాబోయే వియ్యంకుడు దేవయ్య వచ్చేలోగా వాటిని సందు చివరి తుక్కు సామాన్ల దుకాణంలో పారేసి రావాలని ఆ తల్లి పొద్దుటి నుంచి చూస్తోంది. గడప దాటనివ్వకుండా కూతురు అడ్డం నిలబడింది.

శుక్రవారం కనుక సాంచాలకు సెలవు. మిగతా ఆరు రోజులూ ఆ మరమగ్గాల మోతలో భివండిలోని ఈ వరస గదుల చాల్‌లో మొగుడూ పెళ్లాలు గొంతు చించుకుని తిట్టుకున్నా పక్కింటికి వినబడదు. ఈ ఒక్క రోజు మాత్రం పక్క ఖోలీలో తిరగమోత వేస్తే ఎన్ని ఆవాలు చిటపటలాడాయో చెప్పొచ్చు. అందుకని తల్లీకూతుళ్లు పళ్ల బిగువున కొట్లాడుతున్నారు. గొంతు తగ్గించి కొట్లాడటం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు.

"ఎల్లుండి ప్రధానం," అంది ఎలీసబెతు. "ఉంగరం తొడిగే పిల్లగాని తండ్రే సంఘం ముందల నీ బండి ఎత్తి చూపిచ్చిండు. ఇంకా గీ బండ్లు మన కిటికీల కనవడ్తె ఏమనుకుంటడు?"

"గా బండిని బుట్టల పెట్టింది ఎవరు?"

ఎలీసబెతు సంచి మూతిని ఇంకో మెలి తిప్పింది. తప్పు ఆమెదే. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు. కోపమంతా కూతురి మీదికి మళ్లడానికి కారణమూ అదే.

మొన్న ఆదివారం చర్చిలో కోత పండుగ. ఇక్కడి తెలుగు సంఘంలో ఎవరికీ కోసుకోవడానికి గుంటెడు భూమి లేదు. ఊళ్లోనూ లేదు, లేకనే ఇంత దూరం వచ్చారు. అయినా పండుగ మానరు. పంటకు బదులు ఎవరి చేతిపని వాళ్లు బుట్టలో పెట్టి ప్రభువు బల్ల ముందుకు తెస్తారు. కొత్త పడుగు మీద దిగిన మొదటి గజం గుడ్డ ఒకరిది, కుట్టిన జాకెట్టు ఒకరిది, మామిడి తొక్కు జాడీ ఒకరిది. ప్రార్థన అయ్యాక వేలం వేస్తారు. బ్లెస్సీ తన వంతుగా ఎర్ర కారొకటి చేసి ఫోను డబ్బాలో పెట్టి ఉంచింది. ఎలీసబెతు హడావుడిలో పక్కనే ఉన్న రెండో డబ్బా పట్టుకెళ్లింది.

అందులో లస్మయ్య టెంపో ఉంది.

లస్మయ్య గోడకవతలి మనిషి. కాల్హేర్ గోదాముల నుంచి భివండికి ముప్పై ఏళ్లు టెంపో తోలాడు. బండికి కాలం చెల్లిందని తుక్కుకు పంపాల్సి వచ్చింది. బండి పోయిన రెండు నెలలకు మనిషికి ఎడమ పక్క పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఆయన భార్య వెంకవ్వ బ్లెస్సీని పట్టుకుని అడిగింది, ఆ టెంపోను చిన్నగా చేసియ్యి బిడ్డా, మంచం మీద పెట్టుకుంటడు అని. బ్లెస్సీ పాత ఫోటో చూసి ఉన్నదున్నట్టు చేసింది. బంపరుకు వేలాడే నిమ్మకాయ మిరపకాయలతో సహా, ముందద్దం వెనక ఆవగింజంత వినాయకుడితో సహా.

వేలం పాట పాడే సంఘ పెద్ద దేవయ్య ఆ టెంపోను పైకెత్తాడు, కళ్లజోడు సర్దుకుని అద్దంలోకి తొంగిచూశాడు. ఆ తర్వాత ఒక్క మాటా అనలేదు. బండిని అందరికీ కనబడేటట్టు తిప్పాడు. చర్చి చర్చంతా మెడలు చాచి చూసింది. మనలో మాట, ఆయన తిట్టి ఉంటే ఎలీసబెతు ఇంత కుమిలేది కాదు.

బల్ల మీద పెట్టింది దేవుడి సొత్తు, తిరిగివ్వకూడదు. విగ్రహమున్న వస్తువును వేలం వేయకూడదు. అటూ ఇటూ కాకుండా ఆ టెంపో ఐదు రోజులుగా పాస్టరుగారి బీరువాలో ఉంది. ఇవాళ పదకొండింటికి వచ్చి సంగతి తేలుస్తానని దేవయ్య కబురు పంపాడు. తేలాల్సింది టెంపో సంగతి ఒక్కటే కాదని ఈ ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

"నువ్వన్న చెప్పు నాయినా," అంది బ్లెస్సీ.

మూలన స్టూలు మీద మోషే పానాలు తుడుచుకుంటున్నాడు. సాంచాలు బాగుచేసే మిస్త్రీ ఆయన. ఏ సాంచ ఎందుకు మొరాయిస్తోందో చప్పుడు విని చెప్పగలడు గాని ఆదివారం నుంచి ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు.

"ఏం చెప్పాలె?"

"నేను తప్పు చేసిన్నా?"

మోషే ఒక పానా తుడిచి పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. "గాయినను పెట్టకుంటే ఏమైతుండె?"

"లస్మయ్య పెద్దబాపు బండిల వినాయకుడు ఉన్నడు గనుక పెట్టిన. ఎడమ డోరుకు గోదాం గేటు తాకి సొట్ట వడ్డది. మొల పెట్టి కొట్టి గా సొట్ట గూడ తెచ్చిన. ఎన్క సామాన్లేసే డాలాకు తుప్పు పట్టింది, ఇటుక పొడి రుద్ది తుప్పు తెచ్చిన. సొట్ట తెచ్చి, తుప్పు తెచ్చి, దేవుణ్ణి ఇడిచిపెడ్తె అది ఆయన బండి ఎట్లైతది?"

"కాదు," అన్నాడు మోషే కొంచెం ఆగి. "ఆయన బండి కాదు. గది నిజమే."

"ఇగో, తండ్రీబిడ్డలు ఒక్కటైండ్రు," అంది ఎలీసబెతు. "నీకు చెప్పుడు నాదే బుద్ధితక్కువ. డ్రిల్లు తెచ్చిచ్చిందే నువ్వు."

"తెచ్చిచ్చిన. గీ దాంట్ల నా వంతు గూడ ఉన్నది. నేనేమన్న కాదన్ననా?"

ఇనుప మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఎలీసబెతు సంచిని గబగబా నీళ్ల డ్రమ్ము వెనక్కి తోసి కొంగు సవరించుకుంది. లోపల బండ్లు ఒకదానిమీదొకటి దొర్లిన చప్పుడుకు బ్లెస్సీ కళ్లు మూసుకుంది.

"వందనాలు," అన్నాడు దేవయ్య గుమ్మంలో.

"వందనాలు బావా. రాండ్రి, కూసోండ్రి," అని మోషే స్టూలు ఖాళీ చేశాడు.

దేవయ్య కూర్చుని ఫోను డబ్బాను మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆయన వెనక కొడుకు షాలేమ్ నిలబడ్డాడు. కాల్హేర్ గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, టన్నుల బరువు అంగుళం తేడా రాకుండా దించుతాడని పేరు. అంతటివాడు ఆదివారం నుంచి బ్లెస్సీకి ఒక్క ఫోను చేయలేకపోయాడు. బ్లెస్సీ అతని వైపు చూసింది. అతను గోడ మీది క్యాలెండరు చూశాడు. అందులో అంత చదవాల్సిందేమీ లేదు.

"టీ పెట్టనా అన్నా?"

"వద్దు చెల్లె. ముందు మాట కానీ." దేవయ్య డబ్బా మూత తీశాడు. "పాస్టరయ్య నిర్ణయం నా మీదనే పెట్టిండు. ఎత్తి చూపిచ్చింది నువ్వే, తేల్చేది గూడ నువ్వే అన్నడు."

టెంపోను తీసి అరచేతిలో నిలబెట్టుకున్నాడు. పసుపు ముఖం, నీలం డాలా, ఎడమ డోరుకు సొట్ట. గోరంత టైర్లకు బురద రంగు.

"మొన్న చర్చిల మంచిగ చూడలే," అన్నాడు. "గియ్యాల పొద్దుగాల ఎండల పెట్టి చూసిన. ఎట్ల చేసినవ్ బిడ్డా?"

"ఎట్లంటే?" బ్లెస్సీ అనుమానంగా అడిగింది.

"మొదటి సంది చెప్పు. నేను గూడ చేతిపనోన్నే గదా. నలభై ఏండ్లు సాంచ నడిపిన."

ఈ ప్రశ్న ఇన్నేళ్లలో ఇంట్లో ఎవరూ అడగలేదు. ఎందుకీ పిచ్చి అని అడిగారు, ఎప్పుడు మానతావని అడిగారు. ఎట్ల చేసినవ్ అని మాత్రం ఎవరూ అడగలేదు. బ్లెస్సీ కాస్త దగ్గరికి జరిగింది.

"నేను పనిచేసే మాన్కోలి గోదాంల డబ్బా పగిలిన మాలు కిలోల లెక్క అమ్ముతరు మామయ్యా. అండ్ల దొరికింది. అసలైతే ఇది పరాయి దేశపు జీపు."

"జీపా?"

"ఔ. కింద రెండు రివిట్లుంటయి. గవి డ్రిల్లుతోని తొలిస్తే పైడొక్క, అడుగు, అద్దం, సీటు, అన్నీ అలగ్ అలగ్ వస్తయి. డొక్కను రంగు తీసే మందుల ఒక పూట నానవెడ్తె రంగంతా పొట్టు లెక్క లేస్తది. ఎన్క భాగం బ్లేడుతోని కోసి ఆకురాయి పట్టిన. డాలా రేకుతోని చేసిన."

"పక్కల గీ పుల్లలు?"

"సాంచ పన్నెల పుల్లలు. నాయిన పాత పన్నె ఇప్పిచ్చిండు."

"నేననుకున్న," అన్నాడు దేవయ్య, నలభై ఏళ్లు పడుగు పోగులు ఆ పుల్లల సందుల్లోంచే లాగిన మనిషి. "చూడంగనే అనుకున్న, పన్నె పుల్లలని. మరి గీ తాడు?"

"పేక నూలు. మూడు పోగులు పేనిన. మిరపకాయలు గూడ నూలే, పచ్చ దారం ముడేసి కత్తిరిచ్చిన. నంబరు రాసుడే ముష్కిల్ అయింది. బ్రష్షును ఒక్క వెంట్రుక మిగిలేదాక కత్తిరిచ్చిన. ఊపిరి ఆపి రాయాలె, నైతో చెయ్యి కదుల్తది. మూడుసార్లు చెడిపోయింది."

దేవయ్య టెంపోను కంటి దగ్గర పెట్టుకుని నంబరు చదివాడు. సరైనదే అన్నట్టు తలూపాడు. ఎలీసబెతు నీళ్ల డ్రమ్ముకు అడ్డంగా నిలబడ్డదల్లా కొంచెం పక్కకు జరిగింది.

"మరి గీయన?" దేవయ్య వేలితో చూపలేదు, గడ్డంతో చూపించాడు.

"పైపులకు పెట్టే పుట్టీ. గోటి మీద పెట్టుకొని సూది మొనతోని చెక్కిన."

"చెక్కేటప్పుడు మనసుల ఏమున్నది?"

"తొండం సక్కగ రావాలె అని."

మోషే నవ్వబోయి దగ్గాడు. దేవయ్య పెదవి కూడా కదిలింది గాని ఆయన దాన్ని అక్కడే ఆపేశాడు.

"మొక్కినవా?"

"లేదు మామయ్యా."

"మీ ఇంట్ల ఎవరన్న మొక్కిండ్రా?"

"ఎవరు చూడనే లేదు. చేసి డబ్బాల పెట్టిన."

దేవయ్య టెంపోను మళ్లీ డబ్బాలో పెట్టాడు. మూత మాత్రం వేయలేదు.

"నాకెందుకు గంత కోపమొచ్చిందో మీకు తెల్వది," అన్నాడు. "మా ఊర్ల ఏటేటా వినాయకుణ్ణి నిలబెట్టేటోళ్లు. తీసుకపోయే నాడు మా బాపు డప్పు కొట్టాలె. ఊరి నడిమిట్ల సంది వాగు దాక నడుసుకుంట కొట్టేటోడు, చేతులు వాసేటియి. గాని బండి దగ్గరికి రానియ్యకపోయేది. ఒక్కసారి, నాకు ఏడెనిమిదేండ్లుంటయేమో, ఉరికి పోయి బండి మీద చెయ్యి పెట్టిన. దేవుడు ఎట్లుంటడో దగ్గరి సంది చూద్దామని. నన్నేమనలే. మా బాపును కొట్టిండ్రు. నేను చెయ్యి పెట్టినందుకు ఆయనను కొట్టిండ్రు, నా ముంగటనే."

కింద సందులో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఆ దేవుడి దగ్గరికి మమ్ములను రానియ్యలే. మేము ఇంకో దేవుని దగ్గరికి పోయినం. ఆయన రానిచ్చిండు. అరవై ఏండ్లకు, నా దేవుని బల్ల ముందల, నా చేతులల్లనే మళ్ల ఆయనను పెడ్తిరి. నాకు తెల్వకుంట పెడ్తిరి."

ఎలీసబెతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుట్టలో డబ్బా పెట్టిన చేతులు తనవే.

"నాకు గిది తెల్వది మామయ్యా," అంది బ్లెస్సీ.

"ఎట్ల తెలుస్తది. ఎవలకు చెప్పలే. వీనికి గూడ చెప్పలే."

షాలేమ్ అప్పుడు క్యాలెండరు మీది నుంచి చూపు తిప్పి తండ్రి వీపును చూశాడు.

"నేనొక్కటే అడుగుత," అన్నాడు దేవయ్య. "గిది బొమ్మ అయితే బొమ్మ. పిల్లలాడుకునేటియి ఏనుగులుంటయి, కోతులుంటయి, గట్లనే గిది గూడ. సంఘానికి నీ ఎర్ర కారు ఇయ్యి, గిది లస్మన్నకు పోనీ. ప్రధానం ఎల్లుండే అయితది. గాని నువ్వు నోటితోని చెప్పాలె, గిది దేవుడు కాదు, ఒట్టి బొమ్మ అని. నువ్వు చెప్పిన మాటనే నేను సంఘం ముందల నిలబడి చెప్త. అబద్ధమైతే మాత్రం చెప్ప. నా పెద్దరికం పోయినా చెప్ప."

"బొమ్మే మామయ్యా."

బ్లెస్సీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించడానికేముంది? పుట్టీ, రంగు, సూది మొన. తన గోటి మీద తయారైనవాడి సంగతి తనకు తెలియదా?

"ఇన్నవు గదా అన్నా," అంది ఎలీసబెతు. "స్తోత్రం. దేవునికి స్తోత్రం." అంటూనే స్టవ్వు ముట్టించింది. ఈసారి టీ వద్దనలేదు ఎవరూ. చక్కెర మామూలుకంటే రెండింతలు పడింది. మోషే తన గ్లాసును షాలేమ్‌కిచ్చి తాను మూతలో పోసుకుని తాగాడు. షాలేమ్ గ్లాసు అందుకుంటూ బ్లెస్సీ వైపు చూసి చిన్నగా నవ్వాడు. సిగ్గు లేకపోతే సరి, ఐదు రోజులు ఎక్కడ పోయిందో ఆ నవ్వు. బ్లెస్సీ కోపంగా చూడాలనుకుంది గాని చాతకాలేదు. ఆమెకు నిజంగా సంతోషంగా ఉంది. గుండె మీది బండ దిగిపోయినట్టుంది.

దేవయ్య టీ తాగి గ్లాసు కింద పెట్టి డబ్బా తీసుకుని లేచాడు. "పాండ్రి. లస్మన్నకు నా చేత్తోనే ఇస్త."

"నువ్వెందుకన్నా, పిల్ల ఇచ్చొస్తది," అంది ఎలీసబెతు.

"కాదు చెల్లె. పదిమందిల ఎత్తింది నేను, ఇచ్చేది గూడ నేనే. మనిషి పడ్డ సంది ఒక్కసారి పోయి చూడలే. ఈ ఊరికి కొత్తగ వచ్చినప్పుడు మా మంచం, మా బోళ్లు గా టెంపోల్నే తెచ్చిచ్చిండు."

పక్క ఖోలీ తలుపు తెరిచే ఉంది. వెంకవ్వ గుమ్మంలోనే ఎదురొచ్చింది. శుక్రవారం గనుక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేదు.

"అంతా ఇన్న అన్నా," అంది. "నా నోటి మాటకు పిల్లకు గింత తిప్పలొచ్చింది. గాయినను తీసేసియ్యుండ్రి. మా ముసలోడు ఏమనడు, నేను చెప్పుకుంట."

"తీసుడెందుకు వెంకవ్వా," అన్నాడు దేవయ్య. "బొమ్మే గదా."

లస్మయ్య మంచం మీద గోడకానుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది, ఎవరో తమ వస్తువును ఆయన ఒళ్లో పెట్టి మరిచిపోయినట్టు. దేవయ్యను చూడగానే ఆయన నోరు ఒక పక్కకు నవ్వింది.

"దే..."

"ఔనే, దేవయ్యనే. గుర్తువట్టినవ్. నీ బండి తెచ్చిన సూడు."

లస్మయ్య కుడిచేత్తో టెంపో అందుకున్నాడు. బొమ్మను చూసినట్టు చూడలేదు, బండిని చూసినట్టు చూశాడు. ముందు తిరగేసి టైర్లు చూశాడు. బొటనవేలితో ఒక్కో చక్రం తిప్పి అది ఎంతసేపు తిరుగుతుందో చూశాడు. పక్కకు వంచి డాలా చూశాడు. ఎడమ డోరు దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది. సొట్టను రెండుసార్లు తడిమాడు.

"గే... గేటు," అన్నాడు. భుజం కదిలేటట్టు నవ్వాడు.

బ్లెస్సీకి కళ్లు చెమ్మగిల్లాయి. బండ్లు చేసేవాళ్లకు మెరిసే రంగును మెచ్చుకునేవాళ్లు చాలామంది దొరుకుతారు. సొట్టను గుర్తుపట్టి నవ్వేవాడు ఒక్కడే ఉంటాడు.

అప్పుడు లస్మయ్య బండి ముఖాన్ని తన వైపు తిప్పుకున్నాడు. అద్దంలోకి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

టెంపోను మెల్లగా దుప్పటి మడత మీద నిలబెట్టాడు. కుడిచేత్తో ఎడమచేతి మణికట్టు పట్టుకున్నాడు. ఒళ్లో పడి ఉన్న ఆ చేతిని బావిలోంచి బొక్కెన తోడినంత కష్టంగా పైకి లాగి, గుండె దాకా తెచ్చి, దానికి కుడి అరచెయ్యి ఆనించాడు. ఎడమచెయ్యి జారిపోయింది. మళ్లీ తెచ్చి ఆనించాడు. రెండు చేతులూ కలిశాయి. కళ్లు మూసుకుని, ఒక పక్కే కదిలే పెదవులతో ఏదో చెప్పుకున్నాడు.

వెంకవ్వ గోడ పట్టుకుని నిలబడింది. "డాక్టరు కసరత్ చెయ్యమని మొత్తుకుంటే గా చెయ్యి ముట్టలే," అంది. "ఎన్నడు ముట్టలే. చచ్చిన చెయ్యి అనేటోడు."

లస్మయ్య కళ్లు తెరిచాడు. టెంపోను మళ్లీ కుడిచేత్తో తీసుకున్నాడు. చెయ్యి చాపి, అద్దం ఎదుటివాడికి కనబడేటట్టు తిప్పి, దేవయ్య ముందు పట్టుకున్నాడు.

"బండి ఎక్కినోళ్లకు గట్లనే చూపిచ్చేటోడు," అంది వెంకవ్వ మెల్లగా. "హమాలైనా, సేఠైనా, మొక్కినంకనే తాళం తిప్పేటోడు. నీకే ముందు చూపిస్తున్నడన్నా."

దేవయ్య చేతులు ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు. ఆయన ముఖంలో రంగు మారింది. ఒకప్పుడు తనను దగ్గరికి రానివ్వని దేవుణ్ణి ఇప్పుడొక మనిషి మంచం మీది నుంచి చెయ్యి చాపి మరీ దగ్గరికి తెస్తున్నాడు.

"బిడ్డా," అన్నాడు తల తిప్పకుండా. "ఇప్పుడు చెప్పు. గిది బొమ్మేనా?"

ఆ గొంతులో కోపం ఉంటే బ్లెస్సీకి తేలికయ్యేది. కోపం లేదు. పెద్దమనిషి నిజంగానే తెలియక అడుగుతున్నాడు.

"ఇందాకనే చెప్పింది గదన్నా," అంది ఎలీసబెతు గుమ్మంలోంచి. "చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలె?"

"నేను పిల్లనడిగిన చెల్లె."

బొమ్మే అంటే అయిపోతుంది. ఇందాక అన్న మాటే. ఎల్లుండి వేలికి ఉంగరం, అమ్మ కడుపునిండా అన్నం తింటుంది, నాయిన తలెత్తుకుని సాంచాల దగ్గరికి పోతాడు. లస్మయ్యకు పోయింది మాటే గాని వినికిడి కాదు. ఆయన బ్లెస్సీ వైపే చూస్తున్నాడు. ఇంత మంచి బండి చేసిన పిల్లను చూసుకుని గర్వపడుతున్నాడు.

"చెప్పు బ్లెస్సీ," అన్నాడు షాలేమ్. ఆదివారం తర్వాత అతను ఆమెతో అన్న మొదటి మాట అదే. ఏది చెప్పమంటున్నాడో మాత్రం అతని ముఖంలో తెలియలేదు.

"బొమ్మ కాదు మామయ్యా," అంది బ్లెస్సీ.

ఎలీసబెతు గడప మీద కూలబడింది.

"గోడకు గా పక్కన ఉన్నప్పుడు బొమ్మనే అనుకున్న. అబద్ధం చెప్పలే. ఈడికొచ్చినంక కాదు. పెద్దబాపుకు దేవుడే. ఆయన ముంగట బొమ్మ అని నేననలేను. చేసింది నేనే. నా చేత్తోనే చేసిన."

మోషే ముందుకు వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు.

"బొమ్మే అంటవనుకున్న," అన్నాడు దేవయ్య చివరికి. "అంటే ఎల్లుండి ఉంగరం తొడిగిచ్చి, నా మనసుకు నేనే ఏదో సర్ది చెప్పుకుందును. నువ్వు నిజం చెప్పినవ్. గిట్ల నిజం చెప్పే పిల్ల నా ఇంటికి రావాల్నని ఉన్నది నాకు. ఏమని చెప్పి తెచ్చుకోవాలె బిడ్డా? సంఘం ముందల ఏమని చెప్పాలె నేను?"

లస్మయ్య చాపిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. బలం చాలక మణికట్టు వణకడం మొదలైంది. టెంపో ముందుకు ఒరిగింది. బ్లెస్సీ ఒక అడుగు వేసింది గాని ఆమెకంటే ముందు షాలేమ్ కదిలాడు. తండ్రిని దాటి వెళ్లి, వంగి, రెండు చేతులా టెంపోను అందుకున్నాడు.

అందుకున్నవాడు దాన్ని మంచం మీద పెట్టలేదు. అద్దం తన వైపు ఉండగా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. లస్మయ్యకు అది మొక్కినట్టే కనబడింది; తృప్తిగా తలూపి, తాళం తిప్పినట్టు గాలిలో వేళ్లు తిప్పాడు. దేవయ్య కొడుకు చేతులనే చూస్తున్నాడు.